దొంగ మరువం

యుద్ధం అయిపోయిన మరుసటేడు. రాజోలు కాలవలో మా పడవ లాకు దగ్గర ఆగింది. నీళ్లు నిండి తలుపులు తెరిచేదాకా ఇక కదలదు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లో చిన్న కుండ ఉంది, అందులో గుబురుగా మరువం. ఆ వాసనకి ఉండబట్టలేక అడిగేశాను.

"ఒక్క కొమ్మ ఇస్తారా మామ్మగారూ? ఎన్నిసార్లు ఎవరినడిగి తెచ్చుకున్నా మా పెరట్లో బతకలేదండీ. నా చేతికి ఏదీ బతకదంటారు మా అత్తగారు."

మా అత్తగారు అన్నది మొక్కల గురించి ఒక్కటే కాదు. ఆ వేసవిలోనే నా పసిబిడ్డ పోయింది. ఆ సంగతి మామ్మగారికి చెప్పలేదు. ఆవిడ మాత్రం నా మొహంలోకి కాసేపు చూసింది.

"నీ చేతిదేం తప్పు లేదమ్మా. మరువం అడిగి తెచ్చుకుంటే బతకదు, దొంగిలించుకోవాలి. మా అత్తగారూ అలాగే తెచ్చేరు."

"అయ్యో, మీ ఎదురుగానే ఎలాగండీ?"

"నేను చూస్తేగా!"

కుండ నా వైపు జరిపి, మొహం గట్టు వైపు తిప్పేసుకుంది. లాకు తలుపులు తెరుచుకుని పడవ కదిలినా ఇటు తిరగలేదు. నేను కొమ్మ తుంచి తడి కొంగులో చుట్టుకున్నాను.

"అయ్యిందామ్మా?" అంది, అటే చూస్తూ.

"ఆయ్" అన్నాను.

ఆ మరువం బతికింది. ఇప్పుడు మా వీధిలో ఏ ఆడపిల్ల జడ చూసినా అదే. ఎవరైనా వచ్చి కొమ్మ అడిగితే మాత్రం ఇవ్వనంటాను. అనేసి నూతి వైపు తిరిగి, అవసరం లేకపోయినా నీళ్లు తోడుతూ నించుంటాను.