జినోవియా వేసిన వజ్రం ముద్ర

ఏ జనరల్ ఎక్కడ పుట్టాడో, ఏ పాటగాడికి ఎన్ని పెళ్ళిళ్ళో అన్నీ కావాలి మీకు. ఈ మూడో అంతస్తులో ఇన్నేళ్ళున్న జినోవియా గురించి మాత్రం ఒక్కరైనా అడిగారా? ఆవిడ సంచీతో మెట్లెక్కుతుంటే పక్కకు తప్పుకున్నారు, అంతే. ఆ చేతులు ఏం పని చేశాయని అడగడానికి ఒక్క నోరూ పెగల్లేదు. సరే, అడక్కపోయినా చెబుతాను, కూర్చోండి. ఆ పొద్దుతిరుగుడు గింజల తొక్కలు నేలమీద ఉమ్మకండి.

జినోవియా ఇక్కడి రేడియో సామాన్ల ఫ్యాక్టరీలో ట్రాన్సిస్టర్లు, అంటే రేడియో లోపల బిగించే గోరంత ముక్కలు, ఏరేది. గింజల్లో రాళ్ళేరినట్టే, మంచివి ఒక పక్క, మామూలువి ఒక పక్క. మంచివి సైన్యం రేడియోలకు, మామూలువి మనలాంటి వాళ్ళ టీవీలకు. సైన్యానికి వెళ్ళేదాని నెత్తిన వజ్రం ఆకారంలో చిన్న ముద్ర పడేది, పక్కనే ముద్ర వేసిన మనిషి నంబరు. ఆ ముద్ర పడాలంటే ముందు దాన్ని వేడిపెట్టెలో పెట్టి, కరెంటిచ్చి, ఏడు రోజులు ఉంచాలి. చచ్చేది తొలి వారంలోనే చస్తుందనీ, వారం గట్టెక్కిందంటే మనకంటే ఎక్కువకాలం బతుకుతుందనీ అనేది జినోవియా. పదహారేళ్ళలో ఆవిడ ముద్ర వేసిన సరుకు ఒక్కటీ తిరిగి రాలేదు.

మొగుణ్ణి తాగుడు పొట్టన పెట్టుకుంది. కూతురు యారినాతో కార్మికుల హాస్టల్లో ఉండేది. గది మధ్యన దుప్పటి కట్టి అవతల ఇంకో కుటుంబం. గోడంతా చెమ్మ. పిల్లకు ఛాతీ జబ్బు, దగ్గితే ఆపకుండా దగ్గేది. ఫ్యాక్టరీ ఇచ్చే ఇళ్ళ జాబితాలో జినోవియా పేరు పదకొండేళ్ళుగా ఉన్నచోటే ఉంది.

ఫ్యాక్టరీ సంగతి మీకు తెలియనిది కాదు. నెలలో మొదటి పది రోజులు సామాను రాలేదని నిద్ర, తర్వాతి పది రోజులు ఆవులింత, ఆఖరి పది రోజులు ఇల్లు తగలబడ్డట్టు పరుగు. అందుకే జినోవియా దుకాణంలో ఇస్త్రీపెట్టె కొన్నా ముందు తిరగేసి తేదీ చూసేది. నెలాఖరుదైతే ముట్టేది కాదు.

ఎనభై మూడు డిసెంబరులో నాలుగు వందల ట్రాన్సిస్టర్లు ఇరవై ఎనిమిదో తేదీన ఆవిడ బల్లమీదికొచ్చాయి. ముప్పై ఒకటికల్లా వెళ్ళిపోవాలట. విభాగం పెద్ద ఖారితోన్ సావిచ్ స్వయంగా వచ్చాడు.

"జినోవియా మార్కివ్నా, రెండు రోజులు చాలవూ? పిండి ఎప్పుడు పొంగుతుందో మీ ఆడవాళ్ళకు చెప్పాలా?"

"రొట్టె చెడితే పందికేస్తాం. ఇది చెడితే ఎవరికేస్తారు?"

ఆయన నవ్వి తలుపు దగ్గరికి వేశాడు. కొత్త భవనంలో ఇళ్ళు వచ్చే నెలలోనే పంచుతారనీ, ఏడాదికి ఇంత సరుకని పెట్టిన లెక్క పూర్తిచేసిన విభాగం వాళ్ళవే ముందు పేర్లనీ చెప్పాడు. వెళ్ళబోతూ, పిల్ల దగ్గు ఎలా ఉందని అడిగాడు.

రెండు రోజులకే పెట్టె తెరిచింది జినోవియా. తొమ్మిది చచ్చి ఉన్నాయి, తీసేసింది. మిగిలినవాటి మీద ముద్ర కొట్టింది. పుస్తకంలో, పెట్టెలో పెట్టిన తేదీ వెనక్కి జరిపి, ఏడు రోజులని రాసి సంతకం పెట్టింది.

ఫిబ్రవరిలో ఇల్లొచ్చింది. ఈ మూడో అంతస్తుదే. పొడిగోడలు, రెండు గదులు. వసంతానికి యారినా దగ్గు సగం తగ్గింది.

శరత్కాలంలో సైన్యం నుంచి ఒక పెట్టె, ఒక ఉత్తరం వచ్చాయి. అప్పట్లో మన సైన్యం యుద్ధం చేస్తున్న ఆఫ్ఘన్ కొండల్లో ఒక రేడియో మూగబోయిందట. సాయం పిలవలేక ఏడుగురు సైనికుల్లో ఆరుగురు చచ్చిపోయారు. రేడియో మోసినవాడు తిమిష్, లూబ్నీ దగ్గరి పల్లెవాడు, వాడూ పోయాడు. తప్పు సరుకుదా, తిమిష్‌దా తేల్చమని ఉత్తరం.

విచారణకు పిలిచినప్పుడు మెట్ల దగ్గర ఖారితోన్ సావిచ్ ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "పుస్తకంలో ఏడు ఉంది. నీ నోట్లోనూ ఏడే ఉండాలి. ఇల్లు ఎవరిచ్చారో గుర్తుంచుకో."

లోపల సైన్యం తరఫున సరుకు సరిచూసి తీసుకునే మేజర్ బుర్లాయ్, మూగబోయిన రేడియోలోంచి తీసిన ట్రాన్సిస్టర్ను భూతద్దం కింద పెట్టి ఉన్నాడు. వజ్రం, పక్కన ఆవిడ నంబరు. ఏడు రోజులు ఉంచారా అని అడిగాడు.

"రెండే," అంది జినోవియా. "మూడో రోజు ఇక్కడ చావాల్సింది, అక్కడికెళ్ళి చచ్చింది."

మేజర్ కలం కిందపెట్టాడు. ఆ సరుకు కాగితం మీద ఆఖరి సంతకం ఆయనదే. భూతద్దం పక్కన పెట్టి, వెళ్ళమన్నాడు. వారానికి తీర్పు గోడమీద అంటించారు: రేడియో నీళ్ళలో తడిసింది, మోసినవాడి నిర్లక్ష్యం. జినోవియా చెప్పిన మాట అందులో లేదు.

ఇల్లు ఎవరూ లాక్కోలేదు. లాక్కుంటే బాగుండేదేమో. ఆవిడే అడిగి టీవీల విభాగానికి మారింది. వేసవి సెలవులో రైలెక్కి, ఉత్తరంలో చూసిన పల్లెకు వెళ్ళింది. తిమిష్ తల్లి బంగాళాదుంప మొక్కల నుంచి పురుగులు ఏరి డబ్బాలో వేస్తోంది. జినోవియా కంచె బయటే నిలబడి అంతా చెప్పింది. రేడియోను తిమిష్ తడపలేదని రెండుసార్లు చెప్పింది.

"ఎందుకు చేశావమ్మా అలా?" అంది ఆ తల్లి.

"పిల్లకు ఛాతీ జబ్బు. ఇల్లు కావాల్సొచ్చింది."

"తగ్గిందా?"

"తగ్గింది."

ఆవిడ డబ్బా మీద మూత పెట్టింది. "అయితే నీ పిల్ల దగ్గరికి పో. మళ్ళీ రాకు," అని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టలేదు. తిట్టుంటే జినోవియా ఆ తిట్టైనా వెంట తెచ్చుకునేది.

తర్వాత యారినా పెళ్ళి చేసుకుని ఒదెస్సా వెళ్ళింది. జినోవియా రెండు గదుల తలుపులూ మూసేసి, వంటగదిలో బల్ల పక్కన మంచమేసుకుని పడుకునేది. పింఛను వచ్చేదాకా టీవీల విభాగంలోనే పనిచేసింది. ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. అప్పటికి ఆవిడకు అరవై ఒకటి.