కౌంటు రాకముందే దరఖాస్తు

ఇదొక మహాసంగ్రామ గాథ. ఆరేళ్ల తపస్సు, ఊళ్లూ రాష్ట్రాలూ దాటిన పరుగు, ఆఖరి క్షణంలో విజయం. అలా మొదలుపెడదామనుకున్నాను. నిజానికిది, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి ఏ నెలలో దరఖాస్తు పెట్టాలో తెలియక ఒక ఏడాది పోగొట్టుకున్న మనిషి సంగతి. యుద్ధం ఎక్కడా లేదు. జిరాక్సులున్నాయి.

నిరుడు మేలో థీసిస్ ఇచ్చేసి యానాం వచ్చేశాను. డిగ్రీ చేతికొచ్చాక దర్జాగా దరఖాస్తులు పెడదామని ఇంట్లో కూర్చున్నాను. పరీక్షకులు నా థీసిస్‌ను తీరిగ్గా చదువుతుండగా జూన్, జూలై వెళ్లిపోయాయి. కాంట్రాక్టు అధ్యాపకులను తీసుకునేది ఎక్కువగా ఆ రెండు నెలల్లోనే అని నాకు ఆగస్టులో తెలిసింది. ఫోన్ చేసిన ప్రతిచోటా, తరగతులు మొదలైపోయాయి, వచ్చే ఏడాది చూడండి అని మర్యాదగా చెప్పారు. మా గైడు గారు నిట్టూర్చారు. ఆయన టైమెంతని అడిగినా నిట్టూరుస్తారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఈ ఏడాది మేలో ఒక విశ్వవిద్యాలయం నుంచి కాంట్రాక్టు అధ్యాపకుల కోసం నోటిఫికేషన్ వచ్చింది. థీసిస్ ఇచ్చినవాళ్లూ పెట్టుకోవచ్చు, ఇంటర్వ్యూ నాటికి మాత్రం ప్రొవిజనల్ సర్టిఫికెట్ చూపాలి. థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష, నా వైవాకి ఇంకా తేదీ పడలేదు. ఈసారీ ఆగుతానని అన్నం తింటూ నాన్నతో చెప్పాను.

నాన్న దరియాలతిప్ప వైపు రొయ్యల చెరువులు చేస్తారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దదని, ధర ఎక్కువని అర్థం. ఆయనకి లోకమంతా ఆ లెక్కలోనే కనబడుతుంది.

"ఇంతకీ నీ చదువుకి కౌంటెంతొచ్చిందమ్మా?"

"వైవా ఒక్కటే మిగిలింది నాన్నా."

"అయితే అరవై కౌంటు. ముప్పై వచ్చేదాకా ఉంచుదామని కూచున్నోళ్ల చెరువులు ఎన్ని పోయేయో నేను చూసేను. వైరస్ తగిలేక కౌంటు చూసుకుని ఏం చేస్తావు? పట్టెయ్."

"రొయ్యలకీ పీహెచ్‌డీకీ పోలికేంటి నాన్నా?"

"పోలికేం లేదు. రొయ్యలు నాలుగు నెలల్లో చేతికొచ్చేత్తాయి."

కంచం కడిగేసి నోటిఫికేషన్ మళ్లీ చదివాను. మర్నాడే దరఖాస్తు పెట్టేశాను.

తర్వాత ఇంటర్వ్యూ శుక్రవారమన్నారు. వైవా అదే వారం మంగళవారం పడింది. గురువారం సర్టిఫికెట్ కోసం మా యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్తే, సంతకం పెట్టాల్సిన అధికారి సీట్లో లేరు. ఇక్కడ గుండె ఆగిందని రాస్తే బాగుంటుంది గానీ, ఆయన భోజనానికి వెళ్లారంతే. మూడింటికి వచ్చి, నా ముఖం కూడా చూడకుండా సంతకం పెట్టారు. నాకు ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. కానీ కాళ్లు టేబుల్ కింద ఉన్నాయి.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. నా పరిశోధన గురించి ఒక్క ప్రశ్న వేశారు. జవాబు సగంలో ఉండగానే, సోమవారం నుంచి రాగలరా అన్నారు. వస్తానన్నాను. ఏడాదిగా మెడలో పట్టేసిన నరమేదో వదిలినట్టైంది. బస్సులో యానాం వచ్చేదాకా నోరు తెరుచుకుని నిద్రపోయాను.

ఉద్యోగం వచ్చిందని నాన్నతో చెప్పాను. తిన్నావా అని అడిగి, చెరువు నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు వేసే వేళయిందని వెళ్లిపోయారు.

ఉద్యోగంలో చేరేటప్పుడు తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో నాలుగు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు ఇవ్వాలట. నా దగ్గరున్నవన్నీ నీలం.