కాకకు పదేళ్లు తగ్గిన సంగతి

మా బుచ్చన్నకు ఏజెంటు పదేళ్ల వయసు ఉత్తపుణ్యానికి ఇచ్చాడు. ఖతర్‌లోని దుఖాన్‌లో ఆయిల్ కంపెనీ ఇళ్లు కట్టడానికి బాగా అనుభవమున్న మేస్త్రీలు కావాలన్నారట. బొంబాయి ఏజెంటు 1948లో పుట్టినవాణ్ణి పాస్‌పోర్టులో 1938లో పుట్టించేశాడు. వాడు ఖతర్‌లో విమానం దిగేనాటికి ఇరవై ఆరేళ్లు. కాగితం లెక్కన ముప్పై ఆరు.

అయినవాళ్లెవరూ లేని క్యాంప్‌లో ఎవర్ని ఏమని పిలవాలి? పాస్‌పోర్టు చూసి వరుసలు తేల్చుకునేవాళ్లం. రెండు మూడేళ్లు పెద్దయితే అన్న. పదేళ్లు దాటితే కాక, అంటే చిన్నాయన. అలా బుచ్చన్న అందరికీ కాక అయి కూర్చున్నాడు. ఒకదాని మీద ఒకటి వేసిన మంచాల్లో కింది మంచం కాకదే. పొద్దున స్నానాల లైన్లో మొదటి చోటు కాకదే. శుక్రవారం తలకాయ కూర వండితే మెదడు కూడా కాకకే! వాడు మీసం మెలేసి అన్నీ దర్జాగా అందుకునేవాడు. మేమిద్దరం ఒకే ఊరివాళ్లం, ఒకే బడి. అయినా అందరితో పాటు నేనూ కాకా అనే పిలిచాను.

డెబ్బై ఆరులో వాడు సెలవు మీద ఇంటికి వెళ్తుంటే, మా గదిలోని నర్సింలు తన ఇంట్లో ఇమ్మని ఒక చీర, టార్చిలైటు ఇచ్చాడు. అక్కడ తలుపు తీసింది నర్సింలు చెల్లెలు గంగామణి. చెంబుతో నీళ్లిచ్చి అడిగిందట: "కాక వస్తడని అన్న చెప్పి పంపిండు. నువ్వు ఆయన కొడుకువా?"

అంతే, బుచ్చన్న పని అయిపోయింది. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానన్నాడు. కులం ఒకటే, ఇంటిపేర్లు వేరు. అడ్డమల్లా ఒక్కటే. నర్సింలుకు కాక అయినవాడు గంగామణికీ కాకే. తండ్రి వరుసవాడు పిల్లనెలా అడుగుతాడు?

బుచ్చన్న మాత్రం అడిగేశాడు. సెలవు ముగిసి క్యాంప్‌కు తిరిగొచ్చాక, శుక్రవారం అందరం అన్నాలు తింటుండగా, "నర్సింలూ, నీ చెల్లెను నాకియ్యి" అన్నాడు.

నర్సింలు పళ్లెం కింద పెట్టాడు. "ఏం మాట కాకా ఇది? అది నీకు బిడ్డ అయితది. నలభైకి దగ్గరకొచ్చినవ్!"

"ఎవలకొచ్చినయ్ నలభై? రజాకార్ల గడబిడల, మిలటరీ దిగిన వారానికి మా అవ్వ నన్ను మక్కచేన్ల కన్నది."

మా టైమ్‌కీపర్ ఇక్రాముద్దీన్ జగిత్యాలవాడు. గడపలో చాయ్ తాగుతూ వేళ్లు మడిచాడు. "మిలటరీ వచ్చింది నలభై ఎనిమిదిల గదా భాయ్. ఇప్పుడు డెబ్బై ఆరు. ఇరవై ఎనిమిదే! ఆఫీసుల మాత్రం నోరు తెరవకు. ఆడ నీకు ముప్పై ఎనిమిదే."

నర్సింలు నా వైపు తిరిగాడు. "రాజేశమన్నా, నిజమేనా?"

"వాడు, నేను ఒక్క ఏడు పుట్టినోళ్లమే. నా ఈడోడు నీకు కాక ఎట్లయితడు? అది పాస్‌పోర్టు పెట్టిన వరుస."

"మరి నువ్వు గూడ కాకా అంటివి గదా!"

"అందరంటున్నరని అన్న."

బుచ్చన్న చెయ్యి కడుక్కొచ్చి, కింది మంచం మీది పరుపు చుట్టి పై మంచం మీద వేశాడు. "ఇయ్యాల్టి సంది నేను కాకను కాను. నేనెట్ల కనవడ్డనో నీ చెల్లెనే అడుగు" అన్నాడు. ఆ క్షణాన వాణ్ణి చూసి నాకు నిజంగా గర్వమనిపించింది.

నర్సింలు ఇంటికి కబురు వెళ్లి జవాబు రావడానికి నెల దాటింది. అన్నాళ్లూ బుచ్చన్న స్నానాల లైన్లో బకెట్ పట్టుకుని చివరనే నిలబడ్డాడు. ముందుకు రమ్మని ఎవరు పిలిచినా కదల్లేదు. నర్సింలు పిలవనూ లేదు, పలకరించనూ లేదు.

ఒక పొద్దున అందరికంటే ముందు నిలబడ్డ నర్సింలు బకెట్‌తో సహా లైను చివరికి నడిచొచ్చాడు.

"ముంగటికి పో బావా," అన్నాడు. "కాకనైతే ఒద్దన్నదట. ఆయన కొడుకునైతే చేస్కుంటదట."