బండి అరిస్తే బిచ్చయ్య దూరం

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే మనుషులుంటారు. బిచ్చయ్య జన్మలో ఎవరి సొత్తూ ముట్టినవాడు కాదు, అయినా తడుముకుంటాడు. అబిడ్స్‌లో, గన్‌ఫౌండ్రీకి పోయే దారి పక్క సందులో కార్లు పెట్టించడం అతని పని. పొద్దున్నే నాంపల్లిలోని కిరాయి గది నుంచి నడిచి వస్తాడు. మెడలో ఈల, భుజం మీద తువ్వాలు, అంతే సరంజామా.

ఇదివరకు ఇంత పిరికివాడు కాదు. సందు ఇరుకు కాబట్టి కార్లవాళ్ళు హ్యాండ్‌బ్రేకు వదిలేసి, తాళంచెవి బిచ్చయ్య చేతిలో పెట్టి పోయేవాళ్ళు. వెనక బండి బయటికి రావాలంటే ముందు బండిని భుజంతో నెట్టి జరిపేవాడు. ఒకనాడు అలా పెట్టిన కారు మాయమైంది. ఎవడో తాళంచెవికి నకలు చేయించుకున్నాడట! దొంగ దొరికేదాకా ఠాణాలో తన్నులు తిన్నది మాత్రం బిచ్చయ్య. తర్వాత దొంగా దొరికాడు, కారూ దొరికింది. బిచ్చయ్యకు పోయిన ధైర్యమే దొరకలేదు.

ఆ తర్వాత బండ్లు కూడా మారిపోయాయి. ఇప్పటి తాళంచెవిలో చిన్న చిప్పు ఉంటుంది. దాన్ని బండి గుర్తుపడితేనే ఇంజను కదులుతుంది. నకలు తాళంచెవి పెట్టి రోజంతా తిప్పినా ఉలకదు, పలకదు. తలుపు మీద చెయ్యి గట్టిగా పడితే చాలు, సందు అదిరేలా సైరన్. తాళంచెవులు ఇచ్చే రోజులు పోయాయి, బిచ్చయ్యకూ అదే హాయిగా ఉంది. కాని ఆ సైరన్ వింటే అతనికి ఠాణా గుర్తొస్తుంది. అందుకే ఒక అలవాటు చేసుకున్నాడు. ఏ బండి అరిచినా చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, నలుగురికీ కనబడేలా దూరంగా జరిగి నిలబడతాడు. సందు మొదట్లో పూలమ్మే సౌభాగ్యకు అది చూస్తే నవ్వాగదు.

"ఏంది బిచ్చన్నా, బండి అరిస్తే గట్ల బడిల పోరని లెక్క నిలబడ్తవ్?"

"నవ్వు, నవ్వు. దెబ్బలు నీ ఈపు మీద పడలె గద!"

ఆ ఎండాకాలం కూతురు నవత బషీర్‌బాగ్‌లో ఒక దుకాణంలో పనికి కుదిరింది. అంగన్‌వాడీకి సెలవులు. తన నాలుగేళ్ళ బిడ్డ రశ్మిని ఇంట్లో చూసుకునే దిక్కు లేక తండ్రికే అప్పజెప్పింది.

"నాయినా, పిల్ల పైలం. రోడ్డు మీదికి పోనియ్యకు."

"నా కండ్ల ముందటనే ఉంటది బిడ్డా, ఫికర్ చెయ్యకు."

ఆ మాట అన్న వారం లోపే ఒక మధ్యాహ్నం సైలస్ కొత్త కారులో వచ్చాడు. సికింద్రాబాద్‌లో ఉంటాడు, చర్చి పాటల బృందానికి గుడ్డలు కొనడానికి ఏటా ఈ సందుకే వస్తాడు. మంచి మనిషే. కాకపోతే కొత్త కారు కొన్నవాడు నోరు మూసుకుని ఉండగలడా?

"బిచ్చయ్యా, దీన్ని ఎత్తుకపోవాలంటే దొంగ ఇంకో జన్మ ఎత్తాలె. రిమోట్ నొక్కితే లోపలి నుంచి పిడి గుంజినా తలుపు రాదు. అద్దం పలగ్గొట్టి చెయ్యి పెట్టినా ఫాయిదా లేదు. లోపల ఏదన్న కదిలిందా, ఒకటే అరుసుడు!"

"మంచిదే సార్. నేనైతే దాని నీడ గూడ తొక్క."

సైలస్ గుడ్డలు కొనుక్కొచ్చి, నాలుగు తలుపులూ బార్లా తెరిచి మూటలు సర్దాడు. ఎండకని అద్దాలకు నల్ల తెరలు వేశాడు. బిచ్చయ్య సందు చివర ఈల ఊదుతూ ఇంకో బండిని వెనక్కి తీయిస్తున్నాడు. మెత్తటి మూటలు చూసి పిల్లకు ఏం సరదా పుట్టిందో, వెనక సీట్లోకి ఎక్కి వాటి మధ్య దూరింది. అంతలో పై అంతస్తు దుకాణం వాళ్ళు ఇంకో మూట ఉందని కేకేశారు. సైలస్ తలుపులు వేసి, నడుస్తూనే రిమోట్ నొక్కి మెట్లెక్కాడు. లోపల ప్రాణి ఉందని ఏ ఒక్కరూ చూడలేదు.

కాసేపటికి సైరన్ మొదలైంది. బిచ్చయ్య ఉలిక్కిపడి వచ్చాడు. కారు దగ్గర నరపురుగు లేదు. తెరల వైపు ఒకసారి చూశాడు, నల్లగా తప్ప ఏమీ కనబడలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, దూరం జరిగాడు. అరుపు ఆగింది, మళ్ళీ మొదలైంది. మేడ మీంచి ఎవరో "ఎవని బండిరా అది, చెవులు పోతున్నయ్!" అని తిట్టారు. ఆ తిట్టు తనకే తగిలినట్టు బిచ్చయ్య ఇంకాస్త దూరం జరిగాడు. ఏం చెప్పాలి ఆ మనిషికి!

అప్పుడడిగింది సౌభాగ్య, "బిచ్చన్నా, పిల్ల ఏది?"

బిచ్చయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. బండ్ల సందుల్లో చూశాడు, చెరుకురసం బండి దగ్గర చూశాడు, లేదు. అబిడ్స్ పెద్ద రోడ్డు మీదికి పరుగెత్తాడు. కోఠి పోయే బస్సులు ఒకదాని వెనక ఒకటి దూసుకొస్తున్నాయి. "ఎర్ర గౌను పిల్ల, గింత ఉంటది, చూసిన్రా అన్నా?" అని కనబడ్డవాళ్ళందరినీ అడిగాడు. కొందరు తల అడ్డంగా ఊపారు, కొందరు అదీ ఊపలేదు. ఎవడన్నా ఎత్తుకుని నాంపల్లి స్టేషన్లో రైలెక్కితే? నవతకు ఏమని చెప్పాలి?

సందులోకి మళ్ళీ వచ్చేసరికి సైరన్ ఇంకా వినబడుతూనే ఉంది. ఇందాక ఎడతెరిపి లేకుండా అరిచిన బండి, ఇప్పుడు ఆగి ఆగి అరుస్తోంది. ఒకసారి అరిచి ఊరుకుంది, చాలాసేపటికి ఇంకోసారి అరిచింది. ఆ తర్వాత అరవలేదు. సందంతా హమ్మయ్య అనుకుంది. బిచ్చయ్యకు మాత్రం సైలస్ చెప్పిన మాట గుర్తొచ్చింది. లోపల ఏదన్నా కదిలితేనే కదా అది అరిచేది!

పరుగెత్తి అద్దానికి మొహం ఆనించాడు. తెర అంచు సందులోంచి ఎర్ర గౌను, దాని కింద వేలాడుతున్న చిన్న కాలు కనిపించాయి.

"రశ్మీ!"

ఇటుక తీసుకుని అద్దం నడిమధ్యన కొట్టాడు, ఎగిరి వెనక్కొచ్చింది. మూలన కొట్టాడు, అద్దం జలజల రాలింది. సైరన్ చెవులు చిల్లులు పడేలా అందుకుంది. చెయ్యి లోపల పెట్టి పిడి లాగాడు, లాగాడు, తలుపు రాలేదు. దొంగ కోసం చేసిన తలుపు తాతకెందుకు వస్తుంది! వెనక నుంచి ఎవడో "పట్టున్రి, అద్దం పలగ్గొడ్తుండు!" అని కాలరు పట్టుకు లాగాడు. బిచ్చయ్య విదిలించుకుని, నడుందాకా లోపలికి దూరి, పిల్లను కిటికీలోంచి ఇవతలికి లాక్కున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. తల వాలిపోయింది. మోచేతుల నుంచి నెత్తురు కారుతున్న సంగతి అతనికి తెలియనే లేదు.

సౌభాగ్య పూల బకెట్లో నీళ్ళు పిల్ల నెత్తిన కుమ్మరించింది. రశ్మి ఎగశ్వాస తీసి, భళ్ళున కక్కుకుంది. అప్పటికి బిచ్చయ్య ఊపిరి పీల్చాడు.

దుకాణంలో మాటల్లో పడి అప్పటిదాకా ఫోను చూడని సైలస్, అందులో కారు పంపిన హెచ్చరిక చూసుకుని మెట్లమీంచి పరుగెత్తుకొచ్చాడు. అతణ్ణి చూడగానే బిచ్చయ్య కారు దగ్గర నుంచి దూరం జరిగాడు. భుజం మీద పిల్ల ఉంది, అయినా నోట్లోంచి వచ్చింది మాత్రం, "సార్, నేను దొంగను గాను సార్!"

సైలస్ పిల్లను చూశాడు, మూటలను చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో ప్రభువా! చూడకుండ నేనే లాక్ చేసిన. ఎక్కు బిచ్చయ్యా, జల్ది ఎక్కు!"

అద్దం లేని ఆ కారులోనే నీలోఫర్ దవాఖానకు పోయారు. సెలైన్ ఎక్కించారు. జర ఆలస్యమైతే దక్కేది కాదు, ఇప్పుడు భయం లేదు అన్నారు డాక్టరమ్మ. సైలస్ వరండాలో మోకరించి ప్రార్థన చేసుకుంటున్నాడు. నవత ఏడుస్తూ వచ్చి, తండ్రి చేతుల కట్లు చూసి, "నాయినా, నువ్వు లేకుంటే నా బిడ్డ ఏమయ్యేదే" అని ఆ చేతులు కళ్ళకద్దుకుంది.

సాయంత్రానికి రశ్మి కళ్ళు తెరిచింది. తల్లిని చూసింది, తాతను చూసింది. బిచ్చయ్య మంచం మీదికి వంగాడు.

"తాతా, నేను తెర జరిపి అద్దం కొట్టిన. నిన్ను పిలిచిన. నువ్వు వచ్చినవ్, చూసినవ్, చేతులు ఎన్కకు వెట్టుకుని పోయినవ్. ఎందుకు పోయినవ్?"

నవత, పట్టుకుని ఉన్న తండ్రి చేతులు వదిలి, అతని మొహంలోకి చూసింది.