కళ్ళజోడు తీసి అడిగిన ప్రశ్న

మా సైకాలజీ మేడమ్ ఇక లేరన్న కబురు మొన్న మధ్యాహ్నం షాపులో ఉండగా అందింది. ప్యాంటు కొలతలు రాసుకుంటున్నవాణ్ణి పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

రెండు వేల సంవత్సరం అటూ ఇటూగా నేను తిరువూరులో డిగ్రీ చదివాను. అప్పట్లో మేడమ్ పరిశోధన చేస్తుండేవారు. లేనివి ఉన్నట్టు తోచడం, అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారనిపించడం, నలుగురిలో కలవలేకపోవడం, ఇలాంటివి కాలేజీ పిల్లల్లో ఏ మేరకు ఉంటాయో ఆవిడ కొలవాలి. దాన్ని స్కిజోటైపల్ స్వభావం అంటారని, కొద్దో గొప్పో ఉన్నంతమాత్రాన జబ్బు కాదని మరీ మరీ చెప్పారు. టైలరు కొడుకుని కదా, నాకది పిచ్చిని కొలిచే టేపులా అనిపించింది.

ప్రశ్నలు చదివే ముందు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. "ఇప్పుడు మీరంతా నాకు మంచులో ఉన్నట్టున్నారు. ఎవరేం రాస్తున్నారో కనపడదు. ధైర్యంగా రాయండి" అనేవారు.

మొదటిసారి పేపర్లు చూసుకుని ఆవిడే కంగారుపడ్డారు. కంటికి కనపడనివాళ్ళు పక్కనే ఉన్నట్టు అనిపిస్తుందా అన్న ప్రశ్నకి దాదాపు క్లాసంతా అవునని టిక్కు పెట్టింది. ఎందుకని అడిగితే, వేణుగోపాలస్వామి గుడి ఉన్న నెమలి ఊరి నుంచి వచ్చే అమ్మాయి లేచి, "వేణుగోపాలస్వామి ఉంటాడు కదండీ మేడమ్" అంది. నా పక్కవాడు, "పరీక్షలప్పుడు పోయిన మా తాతయ్య పక్కనే ఉంటాడండి" అన్నాడు.

మేడమ్ నవ్వేశారు. "అడగడం నాకే చేతకాలేదు."

తర్వాతి వారం అవే ప్రశ్నలు, ఒక్కోదాని కింద రెండు ఖాళీ గీతలతో వచ్చాయి. అలా అనిపించినప్పుడు మనకెలా ఉంటుందో అక్కడ రాయాలి.

అక్కడే దొరికిపోయాను. మా నాన్న పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆయన కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంచాం. అయినా మధ్యాహ్నాలు షాపులో ఒక్కణ్ణే ఉంటే దాని చప్పుడు వినపడేది. అమ్మకి చెప్తే పిచ్చి పట్టిందని చదువు మాన్పిస్తుందని భయం. టిక్కు పెట్టి, కింద 'మిషను' అని ఒక్క మాట రాశాను. పేరు రాయకపోయినా ఆ మాటతో నన్ను పట్టేశారు.

రెండు రోజులకి జాకెట్టు గుడ్డ పట్టుకుని షాపుకొచ్చారు. స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు తీశారు.

"ఆ చప్పుడు వినపడితే భయమేస్తుందా?"

"లేదండీ." నిజం చెప్పాను. "ఆగిపోతుందేమోనని భయమండీ."

"అదే రాయి బాబూ. నీ టిక్కుకన్నా నాకదే కావాలి. ముందు మీ అమ్మకి చెప్పు. నిద్ర పట్టకపోతే మాత్రం నా దగ్గరికి రా" అన్నారు.

ఆ పూటే చెప్పాను. అన్నం వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "నీక్కూడానా?" అంది.

చదువు మానకుండా డిగ్రీ పూర్తి చేశాను. ఆ చప్పుడు ఎప్పుడు సన్నబడిందో, ఎప్పుడు ఆగిందో గుర్తులేదు. ఆ మిషను మీద ఇప్పుడు నేనే కుడుతున్నాను. ఆవిడకి ఎంత రుణపడి ఉన్నానో ఒక్కసారైనా చెప్పలేదు.

మొన్న కబురు విన్నాక నా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాను. రోడ్డు, బస్సులు, షాపులో వేలాడే బట్టలు అన్నీ మంచులో కలిసిపోయాయి. ఎదురుగా స్టూలు మీద ఎవరో గుడ్డ పట్టుకుని కూర్చున్నట్టే ఉంది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.