సులువు పుస్తకం దాచిన మాస్టారు

మొన్న మా మనవరాలు ఇక్కడే చంద్రపూర్‌లో ఎమ్మేలో చేరి, విమర్శ సిద్ధాంతాన్ని కొత్తవాళ్లకు పరిచయం చేసే సన్నటి పుస్తకమొకటి తెచ్చి, ముందు ఇది చదివి రమ్మని వాళ్ల మేడమ్ చెప్పిందని చూపిస్తే, సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది.

చదివే ప్రతి రాతలోనూ ఎవరి పెత్తనం దాగి ఉందో అడగడమే ఆ సిద్ధాంతమని రెండు ముక్కల్లో చెప్పవచ్చునని ఇప్పుడు తెలుసు గానీ, మా రోజుల్లో ఇదే ఎమ్మేలో మాకు పాఠం చెప్పిన మాస్టారు, ఆయనను గౌరవంగా తలచుకోవడానికి ఈ వయసులోనూ నాకు మనసు రాదు, ఇటుకంత ఇంగ్లీషు గ్రంథం ముందు పడేసి, అర్థం కాలేదన్నవాళ్లను మీరు నాట్లకే పనికొస్తారని మరాఠీలో ఎగతాళి చేసేవాడు. నేను రాజురా పక్క పల్లె నుంచి, నా స్నేహితురాలు గోండ్‌పిప్రి నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చేవాళ్లం. సులువైన పుస్తకమేదైనా ఉంటే చెప్పమని ఆమె ఒకనాడు అడిగితే, అలాంటిది లేనేలేదని, ఆమెను క్లాసు ముందు నిలబెట్టి అందరినీ నవ్వించాడు.

ఆ సాయంత్రం బస్టాండులో ఆమె, "నా బుర్రకు గిది ఎక్కదే, నేనింక రాను," అన్నది. ఎంత బతిమాలినా వినలేదు.

నెల తిరక్కముందే, జవాబు కాగితాలు తెమ్మని ఆయన నన్ను తన గదికి పంపితే, సొరుగులో కాగితాల కింద ఒక పలుచటి పుస్తకం కనబడింది. కొత్త విద్యార్థుల కోసమని అట్ట మీదే ఉంది, లైబ్రరీ ముద్రా ఉంది. ఆయన తన సొంత జ్ఞానంలా వల్లించే పాఠమంతా అందులో పెన్సిలుతో గీతలు గీసిన వాక్యాల్లో అక్షరం పొల్లుపోకుండా ఉంది. తీసుకెళ్లి అందరి ముందూ బల్ల మీద పెట్టి, లేదన్నది ఇదేనా అని అడిగాను. చటుక్కున లాక్కున్నాడు, ఆ ఏడాది నన్ను ఫెయిల్ చేసి కసి తీర్చుకున్నాడు.

పుస్తకం దొరికిన వారం, ఆదివారమే గోండ్‌పిప్రి వెళ్లి, మడిలో నాట్లేస్తున్న నా స్నేహితురాలికి జరిగింది చెప్పాను. ఆమె నడుము ఎత్తి, బురద చేతులతోనే నా వైపు తిరిగింది.

"నాకు తెల్వి లేదనుకొని నిమ్మలంగున్న. ఇప్పుడెందుకు చెప్తున్నవే?"

ఇప్పుడలాంటి పుస్తకాలు ఫోనులోనే దొరుకుతున్నాయి, దాచేవాడికి సొరుగే లేదు. అర్థం కాకపోతే ఈ కాలం పిల్లలు, రాసినవాడికే రాయడం చేతకాలేదంటారు. ఆ మాట అనవచ్చునని మాకు ఎవరూ చెప్పలేదు.