అంగడి మామ చెప్పిన సాక్ష్యం

ఊరంతా నమ్మే మనిషి మీ ఇంటికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబితే మీరు ఎవరిని అనుమానిస్తారు? ఆయన్నా, మీ ఇంటివాళ్లనా? నా చదువు రోజుల నుంచీ ఈ ప్రశ్న నా వెంటే ఉంది. పోయిన వారం ఊరి నుంచి ఫోన్ వచ్చింది. "నాయన పోయినాడక్కా. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అట్లే గోడకి ఒరిగిపోయినాడు," అన్నాడు అంగడి మామ కొడుకు. నేను అడగాల్సిన మాట నా దగ్గరే మిగిలిపోయింది.

ఆయన మాకు చుట్టం కాదు. చింతామణి దగ్గర మా ఊళ్లో, మా ఇంటి పక్కనే ఆయన అంగడి. అమ్మ ఆయన్ని "అన్నా" అనేది, అందుకే నాకు మామ. బడి వదిలాక ఆయన అరుగు మీదే కూర్చుని కన్నడ పాఠాలు చదువుకునేదాన్ని. పుట్నాలు గుప్పెడు నా పలక మీద పోసేవాడు. తూకం వేస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ముల్లు నిలిచాకే నోరు తెరిచేవాడు.

"సామాను తక్కువైతే ఇంకొంచెం ఏసి సరిచేయొచ్చు. మాట ఎక్కువైతే యాడినుంచి తీస్తావమ్మా?" అనేవాడు.

ఒకసారి ఎవరో ఆయన్ని తెగ పొగిడితే నవ్వి, "మంచోడని పేరు పడినోడు బో జాగ్రత్తగా ఉండల్లప్పా. వాడు అబద్ధం చెప్పినా చెల్లిపోతాది," అన్నాడు. అప్పుడు నాకది జోకులాగే వినిపించింది.

పట్టుపురుగుల మేతకు మాకు కొంచెం మల్బరీ తోట ఉండేది. నీళ్లు పెదనాన్న పొలంలోని బావి నుంచి. ఆ బావి తవ్వినప్పుడు నాన్న వేసవంతా అందులో మట్టి మోశాడట. అందుకు బదులుగా సగం బావి మాదేనని పెదనాన్న మాటిచ్చాడట, అదీ అంగడి మామ ఎదురుగా. ఇది నాన్న మాకు ఎన్నోసార్లు చెప్పాడు. కాగితం లేదు. మా ఊళ్లో అన్నదమ్ముల మధ్య కాగితం అడగడం అవమానం. పక్కన ఒక పెద్దమనిషి ఉంటే చాలు.

నాన్న పోయిన ఏడాదే పెదనాన్న మా కాలవకు అడ్డంగా మట్టి వేశాడు. పంచాయితీ పెట్టించింది అమ్మ. ముందురోజు మామ దగ్గరికెళ్లి, "నువ్వుండావని ధైర్యం అన్నా," అంది.

"భయపడొద్దమ్మా. నాకు తెలిసింది చెప్తా," అన్నాడాయన.

అమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

బడి వరండాలో పెద్దలు కూర్చున్నారు. మామ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మా వైపు చూడలేదు.

"ఆ పొద్దు నా ఎదురుగా 'నీళ్లు వాడుకోరా' అన్నాడు. 'సగం బాయి నీది' అనింది నేను వినలేదు," అన్నాడు.

అంతే. మారు అడిగినవాళ్లు లేరు. ఆయన మాటకు ఎదురు ఎవరు అడుగుతారు? "పోనీలే పోమ్మా, అన్న చెప్పినాక ఇంకేముంది," అన్నారెవరో అమ్మతో. అమ్మ కొంగు దులుపుకుని లేచింది. ఇంటికొచ్చాక, "పరాయోడు చేసింటే తిట్టేదాన్ని. అన్నా అని పిలిస్తి గదా," అంది.

తోట ఎండింది. పురుగులు మేపే తట్టలు అమ్మేసుకుని, అమ్మ శిడ్లఘట్టలో పట్టుదారం తీసే పనికి పోయింది. ఉడుకునీళ్లలో పట్టుగూళ్లు కలిపీ కలిపీ వేళ్ల చివర్లు తెల్లగా నాని ఉండేవి. ఆ వేళ్ల కష్టం మీదే నేను బెంగళూరులో ఎమ్మే చదివాను.

మొదటిసారి నన్ను యూనివర్సిటీకి బస్సెక్కించింది ఎవరనుకున్నారు? ఆయనే. నా ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని చింతామణి బస్టాండుకు నడిచాడు. అది పశ్చాత్తాపమా? లేక ఎప్పటి మామేనా? నిజం చెప్పిన మనిషికి పశ్చాత్తాపం ఎందుకు, మామూలుగానే ఉంటాడు కదా అనిపించేది. మరుక్షణం, ఊళ్లోని చింతపండు బేరమంతా పెదనాన్న చేతిలో ఉండేదనీ, అదంతా ఈయన అంగడికే చేరేదనీ గుర్తొచ్చేది. ఆ రోజు బస్టాండులో ధైర్యం చేసి, "మామా, ఆ బావి సంగతి..." అన్నాను.

"బస్సొచ్చె, ఎక్కమ్మా," అన్నాడు. బస్సు ఇంకా మలుపు తిరగనే లేదు.

ఆ తర్వాత నాకు చిక్కబళ్ళాపురంలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. ఊరికి వెళ్లినప్పుడల్లా మామ అరుగు మీద కూర్చునేదాన్ని. ఆయన పలకరింపు నాకు కావాలి. ఆయన మీద కోపమూ కావాలి. ఆ రెండూ పెట్టుకుని ఒక మనిషి ఎదుట ఇన్నేళ్లు కూర్చోవచ్చని నేనెప్పుడూ అనుకోలేదు.

పోయిన వారం కడసారి చూపుకి అమ్మ తానూ వస్తానంది. ఆ పంచాయితీ తర్వాత ఆమె ఆయనతో మాట్లాడింది లేదు. ఆడవాళ్లంతా ఒక్కొక్కరే మామ నోట్లో తడి బియ్యం వేస్తున్నారు. అమ్మ కూడా వేసింది. పెదవి పక్కన జారిన గింజలను కొంగుతో తుడిచింది.

తిరుగు బస్సులో అడిగాను. "అమ్మా, సగం బాయి మనదేనని పెదనాయన నీ ఎదురుగా ఎప్పుడన్నా అన్నాడా?"

"నా ఎదురుగా యాడ? మీ నాయన చెప్పిందే."

"నాయన ఉన్నదే చెప్పేవాడా?"

అమ్మ కిటికీ వైపు తిరిగింది. "మీ నాయన బో ఆశ మనిసి మే. కావల్లనుకునింది గూడా అయిపోయినట్లే చెప్పేవాడు." వెంటనే నా వైపు తిరిగి గదమాయించింది. "అట్లని అన్న నిజం చెప్పినాడని నేను అన్లే!"

ఆ తర్వాత నా భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. ఆమె చిటికెనవేలికి ఒక బియ్యపుగింజ ఇంకా అంటుకునే ఉంది. దులుపుదామని చెయ్యి చాచి ఆగిపోయాను. నన్ను ప్రేమించిన ఇద్దరు మగవాళ్లలో ఒకరు నన్ను మోసం చేశారు. మామా, నాన్నా, ఇద్దరిలో ఎవరో నేను ఇప్పటికీ తేల్చుకోలేను.